చేతిరిక్షా: బండిని ఆపే చట్టం, లాగేవాడిని మరిచిన చట్టం

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మహారాష్ట్రలోని మాథేరాన్‌లో మనుషులు లాగే రిక్షాలను ఆరు నెలల్లోగా ఆపేయాలని ఆదేశించింది. మోటారు వాహనాలను రానివ్వని కొండ ఊరు అది. వాటినే నమ్ముకున్నవారికి ఈ-రిక్షాలు అందే పథకం పెట్టాలనీ, నిధులు లేవన్న సాకు చెల్లదనీ కూడా కోర్టు చెప్పింది. ఆదేశంలో అసలు ప్రాణం ఈ రెండో మాటలోనే ఉంది.

ఈ బండి పుట్టింది జపాన్‌లో. 1870లో టోక్యో అధికారులు దీని తయారీకి అనుమతి ఇచ్చారు. పల్లకీ మోయడానికి కనీసం ఇద్దరు కావాలి, దీనికి ఒక్కడు చాలు. అందుకే కొన్ని దశాబ్దాల్లోనే ఆసియాలోని చాలా నగరాలకు పాకింది. మన దేశంలో మొదట సిమ్లాకు, తర్వాత కలకత్తాకు వచ్చింది. కలకత్తాలో చైనీయులు సరుకుల రవాణాకు వాడేవారు. 1914లో ప్రయాణికులను ఎక్కించుకోవడానికి అనుమతి కోరారు. 1919 చట్టంతో అద్దె బండ్ల జాబితాలో చేరింది.

బండి నిర్మాణం చూస్తే అది ఇంతకాలం ఎందుకు నిలిచిందో తెలుస్తుంది. రెండు పెద్ద చెక్క చక్రాలు, ఇరుసు, దాని మీద సీటు, మడిచే టాపు, ముందుకు చాచిన రెండు నొగలు, అంతే. బరువు ఇరుసు మీద సరిగ్గా కుదిరితే చేతుల మీద భారం దాదాపు ఉండదు, లాగితే చాలు. ఎక్కువ బరువు వెనక్కి పడితే నొగలు పైకి లేస్తాయి, ముందుకు పడితే భుజాలు వంగిపోతాయి. బ్రేకు లేదు. పల్లంలో బండిని ఆపేది లాగేవాడి మడమలే. హారన్‌కు బదులు వేలికి తగిలించుకున్న చిన్న గంట. చక్రాలు ఎత్తుగా ఉండటం వల్ల వానాకాలంలో కలకత్తా వీధులు మునిగినప్పుడు మోటారు బండ్లు మొరాయించినా ఇది సాగుతుంది. బడిపిల్లలు, రోగులు, మార్కెట్ సరుకులు అప్పుడు దీని మీదే వెళ్తాయి.

ఇంత శ్రమకూ బండి మాత్రం సాధారణంగా లాగేవాడిది కాదు. కలకత్తాలో బీహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవారు యజమానికి రోజు అద్దె కట్టి తీసుకుంటారు. బండ్లు నిలిపే ‘డేరా’లోనే చాలామంది పడుకుంటారు. మిగిలిన నాలుగు డబ్బులు ఊరికి పంపుతారు. ఇది అవమానకరమైన శ్రమ అన్నది నిజమే. కానీ రాబడికి దారి చూపకుండా బండిని లాక్కుంటే ఆ అవమానం ఆకలిగా మారుతుంది, అంతకు మించి జరిగేదేమీ లేదు.

2006లో పశ్చిమ బెంగాల్ శాసనసభ చేతిరిక్షాల నిషేధానికి చట్టసవరణ చేసినప్పుడు కార్మికులు వీధికెక్కింది అందుకే. హైకోర్టు స్టే ఇచ్చింది. నిషేధం అమలు కాలేదు, కొత్త లైసెన్సులూ రాలేదు. పాత బండ్లు అలాగే తిరిగాయి.

అంతకు చాలా ముందే వేరే దారి కనిపించింది. రిక్షా తొక్కేవాడే యజమాని కావాలని పంజాబ్ 1975లో చట్టం చేస్తే, సొంత బండి లేని అమృత్‌సర్ సైకిల్ రిక్షా కార్మికులు ఉపాధి పోతుందని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ చట్టాన్ని కొట్టివేయలేదు. కార్మికులే బండ్లు కొనుక్కునేలా బ్యాంకు రుణాలకు ఏర్పాటు చేయించారు. మాథేరాన్ తీర్పు ఆ తీర్పునే గుర్తు చేసింది.