ఎముక వంగదా? అలిపిరి మెట్ల దగ్గర తేలే కొన్ని అపోహలు

అపోహ: ఎముక రాయిలాంటిది. వంగదు, నొక్కుకోదు.

వాస్తవం: లెక్క చేసి చూడండి. 60 కిలోల మనిషి ఒంటికాలిపై నిలబడితే కాలిపిక్క ఎముక మీద పడే బలం సుమారు 600 న్యూటన్లు. ఎముక గట్టి భాగం అడ్డుకోత వైశాల్యం 300 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే ప్రతిబలం, అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే బలం, 2 న్యూటన్లు. దీన్నే 2 మెగాపాస్కల్స్ అంటారు. నిలువు దిశలో ఎముక యంగ్ గుణకం, అంటే నొక్కుకోకుండా, సాగకుండా నిలిచే బిగుతు కొలత, దాదాపు 17 గిగాపాస్కల్స్ (17,000 మెగాపాస్కల్స్). కాబట్టి 36 సెంటీమీటర్ల ఎముక 0.04 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. కాలు ఎత్తగానే మళ్లీ మామూలే. ఇంటర్‌లో బట్టీపట్టిన స్థితిస్థాపకత అంటే ఇదే. అలిపిరి దారిలో నిటారుగా ఉండే మోకాళ్ల పర్వతం ఎక్కేటప్పుడు కండరాల లాగుడు కూడా తోడై ఈ ప్రతిబలం ఎన్నో రెట్లవుతుంది.

అపోహ: ఎముక బలం ఎటునుంచైనా ఒకటే.

వాస్తవం: నిలువుగా నొక్కితే 170 మెగాపాస్కల్స్ పైచిలుకు ఓర్చుకుంటుంది, లాగితే సుమారు 130 దగ్గరే తెగుతుంది. మెలితిప్పితే ఇంకా తక్కువకే. అందుకే వంగిన ఎముకలో పగులు సాగిన వైపే మొదలవుతుంది. మెలిపడితే ఏటవాలుగా చుట్టుకుంటూ విరుగుతుంది. పిల్లల ఎముక మాత్రం పచ్చి వేపకొమ్మలా ఒకవైపు చీలి రెండోవైపు వంగి ఊరుకుంటుంది.

అపోహ: విరిగిన ఎముకకు బిగించిన స్టీల్ ప్లేటు లోపల ఉంటే ఎముకకు ఎప్పటికీ బలమే.

వాస్తవం: స్టీల్ యంగ్ గుణకం దాదాపు 200 గిగాపాస్కల్స్, టైటానియంది 110. ఎముకకన్నా ఎంతో బిగుతైన ప్లేటు బరువంతా తానే మోస్తే, పనిలేని ఎముక పలచబడుతుంది. ప్లేటు తీశాక మరో చిక్కు: స్క్రూ రంధ్రాల అంచుల్లో ప్రతిబలం పోగుపడుతుంది. ఆ రంధ్రాలు పూడేదాకా పరుగు, గెంతులు వద్దు. ఎన్నాళ్లన్నది ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్పాలి.

అపోహ: కిందపడకుండా ఎముక విరగదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది ఈ నమ్మకమే. ఒక్కో అడుగుకు ఎముకలో వచ్చే వికృతి, అంటే ఆకారంలో మార్పు, చిన్నదే. కానీ వేలసార్లు పడితే సన్నటి పగుళ్లు పుడతాయి, వాటిని శరీరం పూడ్చుకోవడానికి వారాలు కావాలి. అలవాటు లేనివాళ్లు అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి, మర్నాడు తిరుమలకే వెళ్లే శ్రీవారి మెట్టు దారిలో మరో 2,388 ఎక్కుతామంటే ఆ గడువు దొరకదు. మొక్కు ఉంటే నెల ముందే నడక మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచండి. పిక్క ఎముక మీదో పాదం మీదో వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి పుడుతోందా? నడక ఆపండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎమ్మారైలో ముందే తెలుస్తుంది.