అడుగు ఎత్తు తేడాలో దివిసీమ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు అవనిగడ్డ వస్తున్నామని రాశారు, సంతోషం. దివి అంటే ద్వీపమైతే బస్సు నేరుగా ఎలా వస్తుందని అడిగారు కదా. మంచి ప్రశ్నే. మ్యాపు ముందు పరుచుకుని చదవండి.

విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర వేలు పెట్టి కృష్ణ వెంట కిందికి జరపండి. సుమారు 60 కిలోమీటర్లు వచ్చాక పులిగడ్డ దగ్గర నది రెండుగా చీలుతుంది. ఎడమ పాయ తూర్పుకు తిరిగి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పెద్ద పాయ నాగాయలంక పక్కగా దక్షిణానికి పోయి, చివర్లో మళ్లీ చీలుతుంది. ఈ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య చిక్కుకున్న నేలే దివి. ద్వీపం అన్న మాటే అరిగి అలా మిగిలింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు అందులో ఉన్నాయి. పాత దివి తాలూకా పెద్దది కాబట్టి మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల వాళ్లు కూడా తమది దివిసీమే అంటారు. మాటవరసకు ఒప్పుకోవచ్చు, మ్యాపు మాత్రం ఒప్పుకోదు. మీ బస్సు పాయ మీద వంతెన దాటి వస్తుంది. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు పెనుమూడి–పులిగడ్డ వారధి ఉంది. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ లాంటివి ద్వీపం పక్కన పిల్లద్వీపాలు. ఏటిమొగ రేవులో పంటు ఎక్కి ఎదురుమొండికి వెళ్తారు.

ఈ నేలంతా కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. కొండా లేదు, రాయీ లేదు. నది పక్క గట్టు కాస్త ఎత్తు, సముద్రం వైపు పోయేకొద్దీ పల్లం. అడుగు ఎత్తు ఎక్కువుంటే వరి, అడుగు తక్కువైతే చౌడు, ఇంకో అడుగు దిగితే మడ అడవి. ఇక్కడ పొలం ధర ఎందుకు తగ్గిందో, ఊరు ఎందుకు అక్కడే కట్టుకున్నారో అడిగి చూడండి, జవాబు చివరికి మట్టం దగ్గరే తేలుతుంది.

ముందు మంచినీళ్ల సంగతి చూద్దాం. వేసవిలో పోటుతో పాటు ఉప్పునీరు పాయలోకి ఎక్కుతుంది. చుట్టూ నీళ్లే, తాగడానికి పనికిరావు. అందుకే కాలువను పాయ మీదుగా అక్విడక్టు కట్టి దాటించారు: కింద పాయ, పైన కాలువ. పులిగడ్డ దగ్గర బస్సు కిటికీలోంచి చూడండి. మరి బోరు వేసుకోవచ్చు కదా అంటారేమో. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కనుక భూమి లోపల దాని మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరుంటే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. ఇది తిరగేసి చూడండి. మోటారు పెట్టి పై మట్టాన్ని అడుగు దించితే, కింది ఉప్పు 40 అడుగులు పైకి రావడానికి సిద్ధంగా ఉంటుంది. లోతుగా తవ్విన బోరు ఉప్పు కక్కేది ఇందుకే. తక్కువ లోతు బావిలోంచి కొద్దికొద్దిగా తోడుకున్నవాళ్లకే తీపి నీరు.

రెండోది మురుగు. పొలాల నీరు డ్రెయిన్ల గుండా సముద్రానికి పోవాలి, కానీ పోటు వేళ సముద్రమే ఎత్తుగా ఉంటుంది. అందుకని డ్రెయిను చివర తలుపులు పెడతారు. ఆటు వేళ తెరవాలి, పోటు వేళ మూయాలి. తలుపు తుప్పుపట్టి బిగుసుకున్నా, గుర్రపుడెక్క అడ్డం పడినా, వానాకాలంలో చేను మునుగుతుంది, వేసవిలో ఉప్పు లోపలికి వస్తుంది. ఇటీవలి దశాబ్దాల్లో రొయ్యల చెరువులు కూడా వచ్చాయి. చెరువు గట్టు పక్కన ఊట కాలువ తవ్వకపోతే, ఉప్పు పక్కవాడి వరిలోకి ఊరుతుంది. ఊళ్లో తగాదాలకు ఇదొక పెద్ద మూలం. రొయ్యను తిట్టుకోకండి, తప్పంతా కాలువ తవ్వనివాడిది.

చరిత్ర టూకీగా చెబుతాను. దివిని ఏలిన అయ్య వంశాన్ని కాకతీయ గణపతిదేవుడు జయించి, ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను గజసేనకు అధిపతిని చేశాడు. నాట్యం మీద సంస్కృతంలో గొప్ప గ్రంథం రాసిన జాయప ఇతడే. 18వ శతాబ్దంలో మచిలీపట్నంతో పాటు దివి ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది, 1759లో ఇంగ్లీషువాళ్లు గెలిచారు.

ఉప్పెన గురించి మాత్రం నిదానంగా చదవండి. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న తుఫాను చీరాల దగ్గర తీరం దాటితే, చచ్చిపోయింది ఎక్కువగా దివిలో. ఎందుకు? మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కనుక తుఫాను వచ్చే దారికి కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది, ఎడమవైపున నేల నుంచి సముద్రంలోకి. చీరాలకు ఈశాన్యంగా ఉన్న దివి కుడివైపున పడింది. గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు లేస్తుంది, కానీ ఎంత పెద్ద తుఫానుకైనా దీనివల్ల వచ్చేది మీటరుకు అటూఇటూ. మిగతాదంతా గాలి తోసిన నీరే. దివి ముందు సముద్రం లోతు తక్కువ, తోసిన నీరు కిందికి జారిపోయే చోటు లేదు, అందుకని లేచింది. సుమారు 5 మీటర్ల నీటిగోడ కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే మృతులు దాదాపు పదివేలు. సొర్లగొంది లాంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. పునర్నిర్మాణంలో ఇక్కడి నాయకుడు మండలి వెంకటకృష్ణారావు గారు ముందు నిలిచారు.

మీరు తీరం వెంట చూసే రెండంతస్తుల తుఫాను రక్షిత భవనాలు ఆ తర్వాతి పాఠమే. కింది అంతస్తు స్తంభాలతో ఖాళీగా ఉంటుంది, నీరు కింద నుంచి పోవాలి కదా. ఆ ఖాళీలో ధాన్యం బస్తాలు పేర్చి గోడలు కట్టేస్తే భవనానికి అర్థం పోతుంది.

మడ అడవికి తీసుకెళ్లమని అడగండి. బురదలోంచి పెన్సిళ్లలా లేచి ఉన్నవి తెల్లమడ చెట్టు ఊపిరి వేళ్లు, తొక్కకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం, కొమ్మ విరవవద్దు. చేపలు పట్టే బావురుపిల్లి అక్కడే ఉంటుంది, పగలు మాత్రం మీకు కనపడదు.

పాముల మాట కూడా. వరదకు కలుగులు మునిగి ఎలుకలు గట్ల మీదికి, ఎలుకల వెంట రక్తపింజరలు. 2018లో కాట్లు పెరిగి మోపిదేవిలో సర్పదోష నివారణ యాగం కూడా చేశారు. యాగం మాట ఎలా ఉన్నా, కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించొద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి, విరుగుడు సూది ఆసుపత్రిలోనే ఉంటుంది. రాత్రి గట్టు మీద నడిస్తే బూట్లు, టార్చి.

హంసలదీవి సంగమంలో మునగాలని మీ అమ్మమ్మ ఎలాగూ అంటుంది. ఆటు వేళ దిగవద్దని చెప్పండి. అప్పుడు నదీ, సముద్రమూ రెండూ బయటికే లాగుతాయి. పోటు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. రేవులో పంటు నడిపేవాణ్ణి అడిగి వెళ్లండి.

మీ తాతయ్య