ల్యాగ్‌తో సర్వర్ పడిపోతోందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మైన్‌క్రాఫ్ట్ సర్వర్లు చూసుకునే నాకు తరచూ వచ్చే మెసేజ్ ఒకటుంది: "అన్నా, ల్యాగ్ ఎక్కువై సర్వర్ క్రాష్ అయింది, ర్యామ్ పెంచేయమంటావా?" లాగ్ ఫైల్ చూశావా అని అడిగితే అటునుంచి జవాబు ఉండదు. ల్యాగ్ అంటే ఆట తడబడటం, లాగ్ అంటే సర్వర్ తను చేసిన పనులు రాసుకునే ఫైల్. ల్యాగ్ వస్తే లాగ్ చూడాలి. మన భాషలో రెండూ దాదాపు ఒకేలా పలకడం వల్ల కూడా కొంత గందరగోళం ఉందనుకుంటా.

అపోహ: ల్యాగ్ అంటే నెట్ స్లోగా ఉండటమే.

రెండు రకాలున్నాయి. ఒక్కడికే ఆట తడబడుతుంటే అది పింగ్, అంటే వాడి కనెక్షన్ సంగతి. అందరికీ ఒకేసారి జంతువులు నిలబడిపోయి, పగలగొట్టిన బ్లాక్ మళ్లీ ప్రత్యక్షమైతే అది సర్వర్ సంగతి. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 టిక్‌లు నడుస్తుంది. టిక్ అంటే ఆట మొత్తాన్ని ఒక అడుగు ముందుకు నడిపే పని. అంటే ఒక్కో టిక్‌కు 50 మిల్లీసెకన్లు. ఆ లోపల పని ముగియకపోతే తర్వాతి టిక్ ఆలస్యమవుతుంది. ఆ బాకీ 2 సెకన్లు దాటితే లాగ్‌లో "కాంట్ కీప్ అప్" అనే హెచ్చరిక పడుతుంది. అప్పుడప్పుడూ ఒకటి కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు. సర్వర్ స్టార్ట్ అయిన వెంటనే ఒకసారి రావడం మామూలే.

అపోహ: ల్యాగ్ ఎక్కువైతే సర్వర్ తనంతట తానే కుప్పకూలుతుంది.

చాలాసార్లు సర్వర్ కూలదు, దాన్ని కావాలనే ఆపేస్తారు. ఆపేది వాచ్‌డాగ్, అంటే సర్వర్ బిగుసుకుపోయిందేమో అని కాపలా కాసే భాగం. ఒకే ఒక్క టిక్ 60 సెకన్లు దాటినా కదలకపోతే, ఇది ఇక లేవదని తేల్చి సర్వర్‌ను మూసేస్తుంది. సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో మ్యాక్స్ టిక్ టైమ్ అనే చోట 60000 అని కనిపించేది ఈ గడువే. దాన్ని మైనస్ 1 చేసేస్తే క్రాష్‌లు ఆగిపోతాయని ఒక సలహా బాగా తిరుగుతుంటుంది. ఆగుతాయి, నిజమే. క్రాష్ అవ్వాల్సిన సర్వర్ ఇప్పుడు గంటల తరబడి బిగుసుకుపోయి ఉంటుంది. ఎవరూ లోపలికి రాలేరు, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ కూడా కాదు, అర్ధరాత్రి మీరే లేచి చంపాలి. పొగ వస్తోందని అలారం పీకేసినట్టు ఉంటుంది.

నిజానికి వాచ్‌డాగ్ మనకు పెద్ద సాయమే చేస్తుంది. సర్వర్‌ను మూసేముందు 'సర్వర్ థ్రెడ్' (టిక్ పనులను ఒకదాని తర్వాత ఒకటి చేసే మెయిన్ థ్రెడ్) ఏ పని దగ్గర ఇరుక్కుపోయిందో మొత్తం రాసిపెడుతుంది. దీన్నే డంప్ అంటారు. పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇంకా నయం: 10 సెకన్లు కదలిక లేకపోతే చాలు, అలాంటి డంప్‌లు రాయడం మొదలుపెడుతుంది. అందులో ఏదైనా ప్లగిన్ (సర్వర్‌కు అదనంగా తగిలించే ప్రోగ్రామ్) పేరు కనిపించింది కదా అని వెంటనే దాన్నే దోషి అనకండి. వరసగా మూడు నాలుగు డంప్‌లు పక్కపక్కన పెట్టి, అన్నింటిలోనూ అదే వరుస ఉందా చూడండి.

ఒకసారి నేను చూసుకునే సర్వర్ రోజూ సాయంత్రం పడిపోయేది. సాయంత్రం జనం ఎక్కువ కాబట్టి అందరూ జనం మీదే నెపం పెట్టారు, నాతో సహా. ర్యామ్ రెండింతలు చేశాం, తేడా లేదు. చివరికి డంప్ చదివితే, సర్వర్ థ్రెడ్ డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ర్యాంకులు చూసుకునే ఒక ప్లగిన్, ఎవరైనా లోపలికి వచ్చిన ప్రతిసారీ మెయిన్ థ్రెడ్‌లోనే డేటాబేస్‌ను అడుగుతోంది. అదే మెషీన్‌లో సాయంత్రం బ్యాకప్ నడిచి డేటాబేస్ నత్తనడక నడిచేది. బ్యాకప్ టైమ్ మార్చాం, ప్లగిన్ తీసేశాం. పెంచిన ర్యామ్ మాత్రం అలాగే ఉంది, తగ్గించడానికి ఎవరికీ మనసు రాలేదు.

అపోహ: ర్యామ్ పెంచితే ల్యాగ్ పోతుంది.

మెమరీ చాలక, సర్వర్‌ను నడిపే జావాకు వాడేసిన మెమరీని (చెత్తను) ఏరుకోవడానికే సమయం సరిపోనప్పుడు పోతుంది. మిగతా కేసుల్లో పోదు. పైగా ఇంకో చిక్కు ఉంది. ఎక్స్ఎమ్ఎక్స్ (జావాకు మెమరీ పరిమితి చెప్పే సెట్టింగ్) అని మనం ఇచ్చేది హీప్‌కు, అంటే ఆట డేటా ఉండే మెమరీకి మాత్రమే. థ్రెడ్‌లు, మెటాస్పేస్, నెట్‌వర్క్ బఫర్లు లాంటి తన సొంత అవసరాలకు జావా వేరేగా తీసుకుంటుంది. 8 జీబీ పరిమితి ఉన్న కంటైనర్‌లో (సర్వర్‌ను విడిగా నడిపే పెట్టె లాంటిది) ఎక్స్ఎమ్ఎక్స్ కూడా 8 జీబీ ఇస్తే లినక్స్ దాన్ని చంపేయడం దాదాపు ఖాయం. అప్పుడు క్రాష్ రిపోర్ట్ ఉండదు, లాగ్ వాక్యం మధ్యలో ఆగిపోతుంది, ఎగ్జిట్ కోడ్ 137 వస్తుంది, అంటే దాన్ని బయటి నుంచి బలవంతంగా చంపేశారని. ఇది చూసి "రిపోర్ట్ కూడా లేదు, ర్యామ్ చాల్లేదేమో" అని ఎక్స్ఎమ్ఎక్స్ ఇంకా పెంచినవాళ్లు ఉన్నారు.

అపోహ: కోర్లు ఎక్కువున్న ప్రాసెసర్ కొంటే సరి.

టిక్ పనిలో ఎక్కువ భాగం ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. 32 కోర్లున్నా ఆ ఒక్క కోర్ ఎంత వేగంగా ఉందన్నదే లెక్క.

అపోహ: ఆటగాళ్ల సంఖ్యే భారం.

ఇంటి దగ్గర కూర్చున్న పదిమంది కన్నా, ఎలిట్రా (ఎగరడానికి వాడే రెక్కలు) కట్టుకుని కొత్త ప్రాంతాల మీదుగా ఎగిరే ఒక్కడు ఎక్కువ భారం. కొత్త చంక్‌లు (మ్యాప్ ముక్కలు) తయారు చేయడం సర్వర్‌కు ఖరీదైన పని. చంకీ లాంటి ప్లగిన్‌తో మ్యాప్‌ను ముందే తయారు చేసి, దానికి బోర్డర్ పెట్టేయండి. వ్యూ డిస్టెన్స్ (ఆటగాడి చుట్టూ ఎంత దూరం వరకు చంక్‌లు పంపాలో చెప్పే సెట్టింగ్) 10 అంటే ఒక్కో ఆటగాడి చుట్టూ 441 చంక్‌లు, 6 చేస్తే 169. ఆ తేడా చూసి కూడా 10 తగ్గించనని పంతం పట్టేవాళ్లకు నేను చెప్పేదేం లేదు.

అపోహ: కింద పడ్డ వస్తువులన్నీ తుడిచేసే ప్లగిన్ ఉంటే చాలు.

అవి 5 నిమిషాలకు ఎలాగూ మాయమవుతాయి. ఆ ప్లగిన్ వల్ల పోయేది ఎక్కువగా పాపం ఎవరిదో డైమండ్ కత్తే.

ఇక సర్వర్ పడిపోవడం లేదు కానీ అప్పుడప్పుడూ గడ్డకడుతోంది అనేవాళ్లు స్పార్క్ ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత సమయం పడుతోందో కొలిచే టూల్) నడపండి. మొత్తం సగటు చూస్తే ఆ గడ్డకట్టిన క్షణాలు కలిసిపోయి కనపడవు. 100 మిల్లీసెకన్లు దాటిన టిక్‌లనే పట్టుకోమని చెప్పండి, ఓ అరగంట నడవనివ్వండి. సాయం అడిగేటప్పుడు ఆ రిపోర్ట్ లింక్‌తో పాటు పడిపోవడానికి ముందున్న రెండు వందల వరుసల లాగ్ కూడా పెట్టండి. స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్ట్.