మినుము ఎండింది ఫిబ్రవరిలో, తేడా వచ్చింది ఉభాల్లో

మినప చేలు కాయ మీద ఉండగా ఎండిపోవడంతో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత తగవు మళ్లీ లేచింది. విత్తనం మంచిది కాదని రైతులు, ఎండ దెబ్బని అధికారులు, తమ సంచిలో ఏ లోపమూ లేదని అమ్మినవాళ్లు. వరి మాగాణుల్లో అపరాలు చల్లడం ఇక్కడ ఎప్పటి నుంచి ఉందో చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. ఆ చల్లకం ఎందుకు వెనక్కి జరిగిందన్నదే ఇప్పుడు చూడాల్సింది.

ముందు జబ్బు సంగతి. ఎండిన మొక్కను పట్టి లాగితే శ్రమ లేకుండా ఊడి వస్తుంది. పక్క వేర్లు కుళ్లి రాలిపోయి ఉంటాయి. తల్లివేరు బెరడు పీచులా లేచిపోతుంది, దాని కింద బొగ్గుపొడి రాసినట్టు నల్లటి చుక్కలు. ఇది ఎండు వేరుకుళ్లు. మాక్రోఫోమినా ఫేసియోలినా అనే శిలీంధ్రం దీనికి మూలం. మొక్కజొన్న కాండంలో మసికుళ్లు తెచ్చేదీ అదే. నువ్వు, వేరుశెనగ, గోగు కూడా దానికి ఆశ్రయమే. ఆకు పసుపెక్కగానే తెల్లదోమ తెచ్చే పల్లాకు తెగులనుకుని తెల్లదోమకు మందు కొట్టేవాళ్లు చాలామంది. మందు డబ్బులూ పోతాయి, చేనూ పోతుంది.

చాలా వేరు జబ్బులకు తడి కావాలి. దీనికి 30 నుంచి 35 డిగ్రీల వేడి, ఆరిన నేల కావాలి. పూత, కాయ దశలో చెమ్మ చాలక మొక్క నీరసిస్తే లోపలికి చొరబడి, నీరు పైకెక్కే దారులను మూసేస్తుంది. 35 డిగ్రీల వేడి, 60 శాతమో అంతకు తక్కువో నేల తేమ కలిస్తే శనగలో ఈ తెగులు విజృంభిస్తుందని పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించారు. శనగ లెక్కలు మినుముకు అలాగే అతకవు గానీ శిలీంధ్రం ఒకటే.

కాబట్టి ఎండ దెబ్బన్న అధికారుల మాట అబద్ధం కాదు. 2023 ఫిబ్రవరిలో దేశం మొత్తం మీద సగటు పగటి ఉష్ణోగ్రత 1901 తర్వాత ఆ నెలలో ఎప్పుడూ లేనంతగా నమోదైంది. కానీ ఆ మాట సగం దూరమే వెళ్తుంది. నవంబరు చివర చల్లిన మినుము ఫిబ్రవరి మధ్యకల్లా కల్లానికి చేరుతుంది. ఎండ ముదిరేసరికి చేనులో మిగిలేది మోళ్లే. డిసెంబరు నెలాఖరులో చల్లినది మాత్రం సరిగ్గా ఆ ఎండలోనే కాయ కడుతుంది. మరి నెల రోజులు ఎక్కడ పోయాయి?

శివారు ఆయకట్టు రైతులను అడిగితే జవాబు కాలువ దగ్గర మొదలవుతుంది. మదుము (కాలువ తూము) నుంచి తమ మడికి నీరు చేరేసరికి ఆగస్టు గడుస్తోందంటారు. ఉభాలు, అంటే వరి నాట్లు, అప్పుడు. స్వర్ణ లాంటి వరి రకానికి నారు పోసిన నాటి నుంచి 145 నుంచి 150 రోజులు కావాలి. ఉభాలు ఎన్నాళ్లు ఆలస్యమైతే కోత అన్నాళ్లూ వెనక్కి పోతుంది, అపరాలూ దాని వెనకే. ఎగువ మదుముల దగ్గర ముందే ఉభాలు వేసినవాళ్ల మినుము గట్టెక్కి, శివారులో ఎండిందంటే విత్తనం ఒక్కటే కారణం ఎలా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న. ఇప్పటిదాకా దానికి నేరుగా జవాబు చెప్పినవాళ్లు లేరు.

దీనికి కోత మెషీన్ తోడైంది. కొడవలి కోతప్పుడు కోతకు రెండు మూడు రోజుల ముందే నిలువు వరిలో మినుములు చల్లేవారు. చిత్తడి పదునులో గింజ దిగేది. మెషీన్ వచ్చాక ముందు చల్లితే చక్రాల కింద నలుగుతుందని కోత అయ్యాకే చల్లుతున్నారు. ఈలోగా పదును ఆరుతుంది. మెషీన్ తొక్కిన చోట నేల గట్టిపడి వేరు లోతుకు దిగదు. అలాంటి మొక్కే ముందుగా దాహానికి వాడుతుంది. కూలీలు దొరకని చోట మెషీన్ వద్దనడం అన్యాయం, ఆ మాట ఎవరూ అనడం లేదు కూడా.

ఇంకోటుంది, దీని గురించి తక్కువగా మాట్లాడతారు. ఈ శిలీంధ్రపు నల్ల చుక్కలు పొడి నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి, తడి నేలలో ఏడెనిమిది వారాలకు మించి నిలవవు. అంటే వరిమడిలో నిలిచిన నీరే తర్వాతి మినుముకు మందు. నీరందక మడి బీటలు తీసిన ఏడాది, ఎదలు (నాటకుండా నేరుగా వరి విత్తనం) చల్లి చాలాకాలం పొడిగా వదిలేసిన పొలంలో, ఆ మందు పడనట్టే.

విత్తనం మీద అనుమానం ఉత్తిదేమీ కాదు. ఈ తెగులు గింజతో కూడా వస్తుంది, అందుకే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని గింజకు పట్టించి చల్లమంటారు. చేను ఎండాక మొదళ్లలో కార్బెండజిమ్ అనే తెగులు మందు పోయమనే సలహా మాత్రం చల్లిన మినుములో, ఎకరాలకు ఎకరాల మీద, ఎవరి వల్లా కాదు. ఫిర్యాదు వస్తే ముందుగా చూసేది విత్తనపు మొలక. మినుములో 75 శాతం మొలిస్తే విత్తనం పాసైనట్టే, ఫైలు మూసేయొచ్చు. డిసెంబరులో బాగానే మొలిచిన మొక్కలే ఫిబ్రవరిలో ఎండాయని రైతు కూడా చెబుతున్నాడు. ఉభాలు ఏ తేదీన వేశావని మాత్రం అతణ్ణి ఎవరూ అడగరు.