డిస్కు బాగున్నప్పుడు చేసే పరీక్ష సరిపోదు

2023 డిసెంబర్ 9న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాల్లో ఒకటైన డెబియన్ కొత్త వెర్షన్ 12.3 రావాలి. అప్‌డేట్లు సర్వర్ల మీదికి ఎక్కడం మొదలయ్యాక తెలిసింది, అందులోని 6.1.64 కెర్నెల్‌తో, అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌తో, డిస్కు మీద ఫైళ్లను అమర్చి చూసుకునే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో డేటా పాడయ్యే ప్రమాదం ఉందని. ఇన్‌స్టాల్ చేసుకునే ఇమేజ్‌ల విడుదల ఆపేశారు, ఎవరూ అప్‌గ్రేడ్ చేయొద్దని చెప్పారు, మర్నాడు సరిచేసిన కెర్నెల్‌తో ఏకంగా 12.4 వదిలారు. ఈఎక్స్‌టీ4 నిన్నగాక మొన్న వచ్చిన ప్రయోగం కాదు. 2008 నుంచి నమ్మకంగా వాడుతున్న ఫైల్ సిస్టమ్, లినక్స్ సర్వర్ అంటే చాలాచోట్ల అదే.

జరిగింది ఏమిటంటే, కొత్త కెర్నెల్‌లో చేసిన ఒక చిన్న మరమ్మతును పాత 6.1 వెర్షన్ల వరసలోకి తెచ్చారు. ఆ ప్యాచ్‌ను విడిగా చూస్తే తప్పేమీ కనిపించదు. కానీ కొత్త కెర్నెల్‌లో దానికంటే ముందే ఇంకో మార్పు చేరి ఉంది, ఇది దాని మీద ఆధారపడింది, ఆ ముందుది మాత్రం పాత వరసలోకి రాలేదు. దాంతో డైరెక్ట్ ఐఓ పద్ధతిలో, అంటే మెమరీలో ఆగకుండా నేరుగా డిస్కుకు రాసేటప్పుడు, ఫైల్‌లో ఎక్కడిదాకా రాశామో చెప్పే గుర్తు ముందుకు జరగలేదు. నోటుబుక్కులో ఒక లైను రాసి, చెయ్యి కిందికి జరపకుండా దాని మీదే రెండోది రాసినట్టు.

నన్ను బాగా కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. దీని జాడ పట్టించింది లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్‌లోని ఒక చిన్న పరీక్ష. అది ఫెయిలైంది, ఫెయిలైనట్టు రిపోర్ట్ కూడా వెళ్లింది. అసలు కారణం తేలేసరికి 6.1.64 జనం మెషీన్లలో నడుస్తోంది. పరీక్ష ఉంది, అది తన పని చేసింది, దాని మాట తేలేదాకా విడుదల మాత్రం ఆగలేదు.

స్టోరేజీని పరీక్షించడం మామూలు ప్రోగ్రామ్‌ను పరీక్షించడం లాంటిది కాదు. కాలిక్యులేటర్‌కు రెండూ రెండూ ఇస్తే నాలుగు రావాలి, అంతే. ఫైల్ సిస్టమ్‌కు ఒక ఫైల్ రాయమని చెప్పి, మళ్లీ చదివి, రెండూ ఒకటేనని చూస్తే తెలిసేది చాలా తక్కువ, ఎందుకంటే ఆ చదివింది డిస్కు నుంచి కాకపోవచ్చు. మనం రాసింది ముందు మెమరీలో ఉంటుంది, కాసేపాగి డిస్కుకు వెళ్తుంది, డిస్కుకు మళ్లీ సొంత క్యాష్ (తాత్కాలిక నిల్వ) ఉంటుంది, అక్కడ రాతల వరస కూడా మారిపోవచ్చు. నిజంగా భద్రంగా చేరాలంటే ప్రోగ్రామ్ ఎఫ్‌సింక్ అనే పిలుపు పంపి, జవాబు వచ్చేదాకా ఆగాలి. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ వాడినవాళ్లకు ఇది తెలుసు. సేవ్ చేసిన ఫైలే, తెరిస్తే సున్నా బైట్లు.

దీనికి ఫైల్ సిస్టమ్‌లు ఎంచుకున్న మందు మన పాత కొట్టు లెక్కల్లో ఉన్నదే. షావుకారు బేరం జరగ్గానే చిట్టాలో రాసుకుని, తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. మధ్యలో దీపం ఆరిపోయినా చిట్టా చూసి మిగతాది పూర్తి చేయొచ్చు. ఈఎక్స్‌టీ4 జర్నల్ చేసేది ఇదే. అయితే చిట్టా సగం రాసినప్పుడు దీపం ఆరితే? ఆవర్జాలోకి ముందే ఎక్కించేసి చిట్టా రాయడం మరిచిపోతే? బగ్గులన్నీ ఈ సందుల్లోనే దాక్కుంటాయి.

మరి వాటిని పట్టేదెలా? ప్రతిసారీ ప్లగ్ పీకి చూడలేం కదా. లినక్స్‌లో డీఎం-లాగ్-రైట్స్ అని ఒక పనిముట్టు ఉంది, డిస్కుకు వెళ్లే ప్రతి రాతనూ వరసగా రికార్డు చేస్తుంది. తర్వాత ఆ రికార్డును ఎక్కడ కావాలంటే అక్కడిదాకా నడిపి, సరిగ్గా అక్కడే కరెంటు పోయినట్టు ఆపి, ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేసి, అంటే వాడకానికి తెరిచి, అన్నీ ఉన్నాయో లేదో చూడొచ్చు. ఒక్క పరుగుతో వందల ప్రమాదాలను ఒక్కొక్కటిగా ఆడించి చూడొచ్చన్నమాట.

2018లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. వాళ్లు ముందు పాత బగ్గులను కూర్చుని చదివారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అంతకు ముందు ఐదేళ్లలో బయటపడ్డ క్రాష్ బగ్గుల్లో ఎక్కువ భాగం, అప్పుడే తయారుచేసిన ఖాళీ ఫైల్ సిస్టమ్ మీద మూడు లేదా అంతకంటే తక్కువ పనులతోనే మళ్లీ రప్పించొచ్చని తేలింది. ఒక ఫైల్ సృష్టించు, పేరు మార్చు, ఎఫ్‌సింక్ చెయ్యి, కరెంటు తియ్యి. ఇంతే! అలాగైతే ఏవో ఊహించుకుని పరీక్షలు రాయడమెందుకు, ఆ చిన్న కలయికలన్నిటినీ మెషీన్‌తోనే పుట్టించి వరసగా నడిపేద్దాం అనుకుని ఏస్, క్రాష్‌మంకీ అనే రెండు పనిముట్లు తయారుచేశారు. తెలిసిన 26 బగ్గుల్లో 24 దొరికాయి, కొత్తగా 10 బయటపడ్డాయి, ఆ పదిలో ఏడు 2014 నుంచీ కెర్నెల్‌లో ఉన్నవే. తప్పు ఉండదని గణితంతో నిరూపించి రాసిన ఎఫ్ఎస్‌సీక్యూ అనే ఫైల్ సిస్టమ్‌లో కూడా ఒకటి దొరికింది, నిరూపణ పరిధిలోకి రాని ముక్కలో.

కరెంటు పోవడం ఒక రకం, డిస్కే మొరాయించడం ఇంకో రకం. 2018లోనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లకు తెలిసొచ్చింది, ఎఫ్‌సింక్ ఒకసారి ఎర్రర్ ఇస్తే, మళ్లీ పిలిచినప్పుడు లినక్స్ ‘అంతా బాగుంది’ అనొచ్చని, ఈలోపు ఆ డేటా డిస్కుకు చేరకుండానే పోయి ఉండొచ్చని. ఏళ్ల తరబడి ఎవరి కంటా సరిగ్గా పడలేదంటే, పరీక్షలు నడిచే డిస్కులన్నీ ఆరోగ్యంగా ఉండటమే. కావాలని కొన్ని సెకన్లు పనిచేసి కొన్ని సెకన్లు పాడయ్యే డీఎం-ఫ్లేకీ లాంటి నకిలీ డిస్కులు ఉన్నది ఇందుకే, వాటిని ఇంకా ఎక్కువ వాడాలి.

ఇక ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే పరీక్షల గొడవ. ఫైల్ సిస్టమ్ వాళ్లు వాడే ఎక్స్ఎఫ్ఎస్‌టెస్ట్స్‌లో, ఇది ఒకప్పుడు ఎస్‌జీఐ కంపెనీలో ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ కోసం పుట్టింది, ఇప్పుడు అందరిదీ, వందల పరీక్షలున్నాయి. వాటిలో కొన్ని ఎప్పుడో ఒకసారి ఫెయిలవుతాయి. మళ్లీ నడిపితే పాస్. హమ్మయ్య అనుకుని ముందుకెళ్లడం తేలిక. కానీ లెక్క చూడండి. వందకు ఒకసారి కనిపించే బగ్గును ఒక్క పరుగు 99 శాతం వదిలేస్తుంది. 100 సార్లు నడిపినా పట్టుకునే అవకాశం సుమారు 63 శాతమే, 95 శాతం కావాలంటే 300 సార్లు నడపాలి. పూర్తి పరుగు ఒక్కటే గంటలు తీసుకుంటుంది, పైగా బ్లాక్ సైజు, ఎన్‌క్రిప్షన్, కోటా అంటూ ఒక్కో అమరికకు మళ్లీ మొదటి నుంచి. కాబట్టి నడపాల్సింది మెషీన్లే, రాత్రీ పగలూ. మనిషి చేయాల్సింది ఆ ఒక్క ఫెయిల్‌ను పక్కకు నెట్టకుండా కూర్చుని చూడటం. అది ఎవరికీ పేరు తెచ్చే పని కాదు, అందుకే దానికి మనుషులు దొరకరు, అక్కడే డబ్బు పెట్టాలని నా గట్టి నమ్మకం.

ఎక్స్ఎఫ్ఎస్ వాళ్లు ఈ విషయంలో మొండిగా ఉన్నారు. ఆటోమేటిక్‌గా ఎంచుకున్న ప్యాచ్‌లను పాత కెర్నెల్ వరసల్లోకి మా ఫైల్ సిస్టమ్ కోసం తేవద్దన్నారు. దానివల్ల కొంతకాలం పాత వరసలకు అవసరమైన మరమ్మతులు కూడా సరిగ్గా అందలేదు, అది నిజమైన నష్టమే. తర్వాత 2022 ప్రాంతంలో కొందరు ముందుకొచ్చి ఒక్కో పాత వరస బాధ్యత తీసుకున్నారు. ప్యాచ్‌లను కట్టగా తెచ్చి, రకరకాల అమరికల్లో ఎక్స్ఎఫ్ఎస్‌టెస్ట్స్ పదేపదే నడిపి, పాత ఫలితాలతో పోల్చుకుని, కొత్త ఫెయిల్ ఏదీ లేదని తేలాకే పంపుతారు. ఒక్కో కట్టకు వారాలు పట్టినా సరే.