చైను ఊడినవాడి కోసం ఆగాలా? 39 సెకన్ల తగవు వెనుక కథ

2010 జులై 19. మూడు వారాల సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో పదిహేనో దశ, అంటే పదిహేనో రోజు పరుగు, పామియే నుంచి పిరనీస్ కొండల నడుమ ఉన్న లుషోన్ పట్టణం వరకు. చివరి కొండ పేరు పోర్ట్ డి బాలెస్. శిఖరం ఇంకో మూడు కిలోమీటర్లు ఉందనగా, మొత్తం సమయంలో ముందున్నవాడు తొడుక్కునే పసుపు జెర్సీలో ఉన్న లక్సెంబర్గ్ రైడర్ ఆండీ ష్లెక్ సీటు మీంచి లేచి పెడల్ మీద బరువంతా వేసి ముందుకు దూకాడు. ప్రధాన ప్రత్యర్థి, స్పెయిన్‌కు చెందిన అల్బెర్టో కాంటడోర్ కాస్త వెనకబడ్డాడు. అంతలోనే ష్లెక్ సైకిల్ చైను ఊడింది. అతడు దిగి, వంగి, చేత్తో చైను ఎక్కించుకుంటుండగా కాంటడోర్ పక్కనుంచి దూసుకుపోయాడు. డెనిస్ మెన్‌చోవ్, శామ్యూల్ సాంచెజ్ అతడి వెంట వెళ్లారు. ఎవరూ ఆగలేదు.

ఆ ఉదయం ష్లెక్ ఆధిక్యం 31 సెకన్లు. సాయంత్రానికి కాంటడోర్ 8 సెకన్లు ముందున్నాడు. అంటే ఒక్క కొండ మీద తారుమారైంది 39 సెకన్లు. ఆరు రోజుల తర్వాత పారిస్‌లో టూర్ ముగిసినప్పుడు ఇద్దరి మధ్య మిగిలిన తేడా కూడా సరిగ్గా 39 సెకన్లే. ఇలాంటి లెక్క కుదిరాక తగవు చల్లారుతుందా?

పసుపు జెర్సీ తొడుక్కోవడానికి వేదిక ఎక్కిన కాంటడోర్‌ను జనం గేలి చేశారు. కడుపు నిండా కోపం ఉందని, బదులు తీర్చుకుంటానని ష్లెక్ విలేకరుల ముందే అన్నాడు. కాంటడోర్ మొదట తనకు సంగతి తెలియదన్నాడు. రాత్రికి యూట్యూబ్‌లో వీడియో పెట్టి క్షమాపణ చెప్పాడు. గెలిచినవాడు అదే రాత్రి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చిందంటే ఏ నిబంధన తప్పినట్టు? నిబంధనల పుస్తకమంతా గాలించినా చైను ఊడిన ప్రత్యర్థి కోసం ఆగాలన్న వాక్యం దొరకదు. నాన్‌స్ట్రైకర్‌ను బౌలర్ రనౌట్ చేసినప్పుడల్లా క్రికెట్‌లో రేగే వాదన తెలిసినవారికి ఈ చిక్కు ఏమిటో వెంటనే అర్థమవుతుంది.

రాయని కట్టుబాట్లు సైక్లింగ్‌లో చాలానే ఉన్నాయి. రేసులో ముందున్నవాడు పడిపోయినా, సైకిల్ చెడినా ఆ అదను చూసి దాడి చేయకూడదు. మూత్రవిసర్జనకు ఆగినప్పుడు వేగం పెంచకూడదు. భోజనం సంచులు అందుకునే చోట ఎగబడకూడదు. పారిస్ చేరే చివరి రోజు పసుపు జెర్సీ జోలికి పోకూడదు. వీటికి మూలం మర్యాద అనుకుంటాం గానీ నా లెక్కలో అసలు మూలం గాలి. ముందువాడి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కేవాడికి దాదాపు మూడో వంతు శక్తి ఆదా అవుతుంది. రోజుకు నాలుగైదు గంటల చొప్పున మూడు వారాల పాటు సాగే రేసులో ఒంటరిగా గాలికి ఎదురొడ్డి ఎవరూ గెలవలేరు. ప్రత్యర్థి కూడా ఏదో ఒక రోజు, ఏదో ఒక ఎదురుగాలిలో, అవసరపడతాడు. ఇవాళ వదిలేసి పోయినవాడికి రేపు చేయి కలిపేవాడు ఉండడు. గుంపు మొత్తానికి ఇదొక అప్పుపత్రం లాంటిది. సంతకాలు ఉండవు, వసూలు మాత్రం ఉంటుంది.

పాత తరంలో అందరూ పెద్దమనుషులే, ఈ తరమే చెడిపోయింది అన్న మాట సైక్లింగ్‌లోనూ వినిపిస్తుంది. చరిత్ర మాత్రం అలా చెప్పదు. టూర్‌ను మొదలుపెట్టిన ఆన్రీ డెగ్రాంజ్‌కు దయాదాక్షిణ్యాల మీద నమ్మకం లేదు. ఒక్కడే పారిస్ చేరితే అదే ఆదర్శమైన టూర్ అన్న మాట ఇప్పటికీ ఆయన పేరు మీద చలామణీలో ఉంది. 1913లో, ఇదే లుషోన్‌కు వెళ్లే దారిలో, టూర్ గెలిచే అవకాశం ఉన్న యూజీన్ క్రిస్టోఫ్ సైకిల్ ముందు ఫోర్కు టూర్మలే కొండ మీద విరిగింది. ఎవరి సాయమూ తీసుకోకూడదన్నది అప్పటి నిబంధన. అతడు సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా కొండ దిగి, సెంట్ మరీ డి కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి వెతుక్కున్నాడు. సొంత చేతులతోనే ఇనుము కాల్చి ఫోర్కు అతికించుకున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూశారు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రవాడు సాయపడ్డాడని దానికీ సమయం జరిమానా వేశారు. పోయిన గంటల్లో పోటీ చేజారింది. ప్రత్యర్థుల్లో ఎవరూ ఆగలేదు. ఆగాలని ఎవరికీ తోచలేదు కూడా. ఆ ఏడాది టూర్ ఫిలిప్ టీస్ గెలిచాడు.

జట్లు వచ్చాక త్యాగాలు వచ్చాయి. 1934లో ఇరవై ఏళ్ల రెనె వియెట్టో తన చక్రం విప్పి నాయకుడు ఆంటోనిన్ మాన్యేకు ఇచ్చి, గోడ మీద కూర్చుని ఏడుస్తున్న ఫొటో ఫ్రాన్స్‌లో ఎంతో పేరు పొందింది. అయితే అది సొంత జట్టువాడికి చేసిన సేవ. ప్రత్యర్థి పట్ల పాటించే మర్యాద వేరు. అది ఎలా పుట్టిందో చూడాలంటే అది తప్పినప్పుడు ఏం జరిగిందో చూడాలి. అందుకు 1957 ఇటలీ టూర్ (ఇటాలియన్‌లో ‘జీరో’) కంటే మంచి ఉదాహరణ లేదు.

ఆ రేసులో ముందున్నవాడికిచ్చే గులాబీ జెర్సీ లక్సెంబర్గ్‌కు చెందిన షార్లీ గోల్ దగ్గర ఉంది. కొండలెక్కడంలో అతడికి సాటి లేదు. మోంటె బొండోనె కొండకు వెళ్లే దశలో అతడు మూత్రవిసర్జనకు రోడ్డు పక్కన ఆగాడు. అది చూసి ఫ్రాన్స్‌కు చెందిన లూయిజోన్ బోబె, అతడి జట్టు వేగం పెంచారు. గోల్ నిమిషాలకు నిమిషాలు కోల్పోయాడు, ఆ రేసు అక్కడితో అతడి చేయి దాటిపోయింది. పైగా మూత్రం పేరు మీద ఒక ఎగతాళి పేరు జీవితాంతం అంటుకుంది. కానీ కథ అక్కడ ఆగలేదు. తనకిక గెలుపు లేదని తేలాక గోల్ మిగిలిన శక్తినంతా బోబె ఓటమికి ఖర్చు పెట్టాడు. మర్నాడు బోబెకు పోటీగా ఉన్న ఇటాలియన్ గస్తోనె నెంచీనీకి తోడుగా నిలిచి కొండలు దాటించాడు. చివరికి బోబె ఓడింది కేవలం 19 సెకన్ల తేడాతో. అప్పు వసూలంటే అదీ. ఆ తర్వాతి ఏడాది గోల్ టూర్ డి ఫ్రాన్స్ కూడా గెలిచాడు.

కట్టుబాటు నిలవాలంటే నిలబెట్టేవాడొకడు ఉండాలి. సైక్లింగ్‌లో ఆ పని గుంపులోని పెద్ద చేతుల్లో ఉండేది. 1978లో వాలెన్స్ దాజెన్ పట్టణంలో రైడర్లంతా దిగి, సైకిళ్లు నడిపించుకుంటూ ముగింపు గీత దాటారు. ఒకే రోజులో రెండు దశలు, తెల్లవారుజామున ప్రయాణాలు, చాలీచాలని నిద్ర మీద నిరసన అది. ముందు వరుసలో ఛాతీ విరుచుకుని నిలబడ్డవాడు 23 ఏళ్ల బెర్నార్ ఇనో. అది అతడి మొదటి టూర్. ఆ రోజు నుంచి గుంపు ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నెమ్మదించాలో అతడే చెప్పేవాడు.

ఇనో తర్వాత అలాంటి అధికారం చలాయించినవాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. మర్యాద గురించి ఎక్కువగా చెప్పుకునే రెండు కథలూ అతడివే. 2001లో కొండ దిగుతూ రోడ్డు దాటి పొదల్లోకి దూసుకుపోయిన ప్రధాన ప్రత్యర్థి యాన్ ఉల్రిచ్ కోసం ఆర్మ్‌స్ట్రాంగ్ ఆగాడు. 2003లో లూజ్ ఆర్డిడెన్ కొండ మీద ఒక ప్రేక్షకుడి చేతి సంచి హ్యాండిల్‌కు చిక్కుకుని ఆర్మ్‌స్ట్రాంగ్ పడితే, కేవలం 15 సెకన్లు వెనక ఉన్న ఉల్రిచ్ వేగం తగ్గించాడు. ఉల్రిచ్ తనంతట తాను తగ్గాడా, మరో రైడర్ టైలర్ హామిల్టన్ చెయ్యెత్తి సైగ చేస్తే తగ్గాడా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఏదైతేనేం, తేరుకున్న ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ దశ గెలిచి, చివరకు 61 సెకన్ల తేడాతో టూర్ కూడా గెలిచాడు.

ఈ కథలు చెప్పేవారు ఆ మరుసటి ఏడాది జరిగినది వదిలేస్తారు. 2004 పద్దెనిమిదో దశలో ఫిలిప్పో సిమియోని అనే ఇటాలియన్, మొత్తం పట్టికలో ఎక్కడో అడుగున ఉన్నవాడు, ముందుకెళ్తున్న చిన్న బృందాన్ని అందుకోబోయాడు. డాక్టర్ మికెలె ఫెరారి డోపింగ్ వ్యవహారంలో సాక్ష్యం చెప్పినవాడతడు. ఆ ఫెరారి ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ శిక్షకుడే. పసుపు జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్, రేసు పరంగా ఏ అవసరమూ లేకపోయినా, స్వయంగా అతడిని వెంబడించాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఉంటే గుంపు తమను పోనివ్వదని ముందు బృందం సిమియోనిని వెనక్కి వెళ్లమని బతిమాలింది. ఇద్దరూ వెనక్కి వచ్చారు. ఆర్మ్‌స్ట్రాంగ్ కెమెరా వైపు చూస్తూ పెదవులకు జిప్పు వేసినట్టు సైగ చేశాడు. పడిపోయినవాడి కోసం ఆగమన్న అధికారమూ, నోరు విప్పినవాడిని తరిమిన అధికారమూ ఒక్కటే. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టైటిళ్లూ 2012లో రద్దయ్యాయి. ఉల్రిచ్ కూడా తర్వాత డోపింగ్ ఒప్పుకున్నాడు.

గుంపు ఎవరి కోసం ఆగుతుంది అన్నది కూడా చూడాలి. ఎనభయ్యో స్థానంలో ఉన్నవాడి చైను ఊడితే ఎవరూ తిరిగి చూడరు. ముందున్నవాడికైనా పాత ఖాతా బాగుండాలి. 2021 పారిస్-నీస్ రేసులో ప్రిమోజ్ రోగ్లిచ్ అప్పటికే రెండు దశలు గెలిచి, పసుపు జెర్సీ భద్రంగా పెట్టుకుని, ఏడో దశలో ముగింపు గీతకు కొద్ది మీటర్ల దూరంలో యువ రైడర్ జీనో మేడర్‌ను దాటేసి ఆ గెలుపు కూడా తీసుకున్నాడు. మర్నాడు, చివరి దశలో, అతడు రెండుసార్లు పడ్డాడు. ఎవరూ ఆగలేదు. టైటిల్ మాక్స్ షాక్‌మన్‌కు పోయింది. రెండింటికీ సంబంధం లేదని, రేసు ఊపు మీద ఉందని రైడర్లు అన్నారు. సంబంధం ఉందని చూసినవాళ్లలో చాలామంది అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు మళ్లీ 2010కి. ఆ టూర్ రెండో దశలో స్పా పట్టణానికి ముందు తడిసిన వాలు రోడ్డు మీద పదుల మంది జారిపడ్డారు. వారిలో ష్లెక్ సోదరులు ఆండీ, ఫ్రాంక్ ఇద్దరూ ఉన్నారు. పసుపు జెర్సీలో ఉన్న వారి జట్టు సభ్యుడు ఫాబియన్ కాంచెలారా గుంపును నెమ్మదింపజేసి అందరినీ కలుపుకున్నాడు, స్వయంగా జెర్సీ కోల్పోయాడు. కాంటడోర్ కూడా ఆ రోజు అందరితో పాటు ఆగాడు. మర్నాడే రాళ్లు పరిచిన రోడ్ల మీద ఫ్రాంక్ ష్లెక్ పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు, గుంపు రెండుగా చీలింది. ఈసారి ముందు భాగంలో ఉన్న కాంచెలారా ఆండీని వెంటబెట్టుకుని సాధ్యమైనంత వేగంగా లాగాడు. వెనక చిక్కుకున్న కాంటడోర్ 73 సెకన్లు కోల్పోయాడు. సోమవారం ఆగమన్న జట్టే మంగళవారం పరుగెత్తింది. కాంటడోర్ పక్షం వారికి బాలెస్ కొండ మీద గుర్తొచ్చింది ఇదే. అదీ కాక దాడి మొదలుపెట్టింది ష్లెక్. పోరు మొదలయ్యాక చెడిన సైకిల్‌కు ఎవరూ బాధ్యులు కారన్నది కూడా రాయని కట్టుబాట్లలో ఒకటే. నన్ను అడిగితే కాంటడోర్ నేరస్థుడు కాడు. అయితే తెలియదన్న మాట మాత్రం నమ్మబుద్ధి కాదు.

ఆ టూర్ సమయంలోనే ఇచ్చిన నమూనాలో క్లెన్‌బ్యుటరాల్ అనే నిషేధిత మందు బయటపడటంతో 2012 ఫిబ్రవరిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కాంటడోర్ టైటిల్ రద్దు చేసి ష్లెక్‌ను విజేతగా మార్చింది. 39 సెకన్ల లెక్క రికార్డుల్లోంచి పోయింది, వాదన పోలేదు.

తర్వాతి ఏళ్లలో ఆగినవారూ ఉన్నారు, ఆగనివారూ ఉన్నారు. 2012లో పెగేర్ కొండ దగ్గర ఎవరో రోడ్డు మీద చిన్న మేకులు చల్లితే దాదాపు ముప్పై మంది టైర్లు పంక్చరయ్యాయి. పసుపు జెర్సీలో ఉన్న బ్రాడ్లీ విగిన్స్ మాట మీద గుంపు నెమ్మదించింది. 2017లో మోన్ డు షా కొండ మీద, పసుపు జెర్సీలో ఉన్న క్రిస్ ఫ్రూమ్ సైకిల్ చెడి చెయ్యెత్తిన క్షణంలోనే ఫాబియో ఆరు దాడి చేశాడు. తాను చూడలేదన్నాడు. 2022లో స్పాండెల్ కొండ దిగుతూ తాదెయ్ పొగచార్ కంకర మీద జారిపడితే, పసుపు జెర్సీలో ఉన్న యోనాస్ వింగెగార్డ్ వేగం తగ్గించి ఎదురుచూశాడు. అందుకున్న పొగచార్ చేయి చాచి కలిపాడు. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. ఆ ఉదయం వింగెగార్డ్ ఆధిక్యం 2 నిమిషాల 18 సెకన్లు. 2010లో కాంటడోర్ 31 సెకన్లు వెనక ఉన్నాడు. మెచ్చుకునేటప్పుడు ఈ తేడా కూడా లెక్కలో పెట్టాలి.

కొంత భాగం ఇప్పుడు రాతలోకి వచ్చింది. చదునైన దశల్లో చివరి 3 కిలోమీటర్లలో ఎవరైనా పడినా, సైకిల్ చెడినా, అప్పటివరకు ఉన్న గుంపు సమయమే అతడికి ఇస్తారు. ఇటీవల దాన్ని 5 కిలోమీటర్ల దాకా పొడిగించే వీలూ కల్పించారు. శిఖరం మీద ముగిసే దశలకు ఆ నిబంధన వర్తించదు. ముగింపుకు ఎంతో ముందే వచ్చే బాలెస్ లాంటి ఎక్కుడు దారిలో చైను ఊడితే ఏం చేయాలో పుస్తకంలో ఇప్పటికీ ఏమీ లేదు.