సేలంలో ఒప్పుకున్నవాళ్లు బతికారు, కాదన్నవాళ్లు ఉరికెక్కారు

మసాచుసెట్స్ అప్పటికింకా ఇంగ్లండ్ వలస రాజ్యం. 1692 జనవరిలో అక్కడి సేలం గ్రామంలో, పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నట్టుండి కేకలు పెడుతూ మెలికలు తిరిగిపోవడం మొదలుపెట్టారు. ఒకరికి తొమ్మిదేళ్లు, ఇంకొకరికి పదకొండు. ఎవరో చేతబడి చేశారన్నారు. మొదట బయటికొచ్చిన మూడు పేర్లూ దిక్కులేనివాళ్లవే: పారిస్ ఇంటి బానిస టిటూబా, ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే సారా గుడ్, చాలాకాలంగా చర్చికి రాని సారా ఓస్బోర్న్. సారా గుడ్ మీద కట్టుకున్న భర్తే అనుమానం చెప్పాడు.

మార్చి 1న టిటూబా ఒప్పుకుంది. సైతానుతో చేతులు కలిపినవాళ్లు సంతకంగా పెట్టే గుర్తులు అతని పుస్తకంలో తొమ్మిది చూశానంది. ముగ్గురు దొరికారు సరే, మిగతావాళ్లెవరు? ఊరంతా అదే టెన్షన్. చివరికి సారా గుడ్ కూతురికి, నాలుగైదేళ్ల పసిదానికి కూడా సంకెళ్లు వేశారు.

ఇంతమందిని మింగింది మూఢనమ్మకం ఒక్కటే అనుకోలేం. కోర్టు నడిచిన తీరు చూడాలి. నేరం ఒప్పుకుంటే మిగతావాళ్ల మీద సాక్ష్యానికి పనికొస్తారని ప్రాణాలతో ఉంచారు. ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడ్డవాళ్లలో ఒక్కరినీ ఆ ఏడాది ఉరి తీయలేదు. కాదన్నవాళ్లను మాత్రం ఉరి తీశారు. పైగా ‘ఫలానా మనిషి రూపం వచ్చి నన్ను గిల్లింది’ అన్నా సాక్ష్యంగా చెల్లింది. దానికి ఎవరైనా ఏమని జవాబు చెబుతారు?

జాన్ ప్రాక్టర్ ఇంటి పనిమనిషి మేరీ వారెన్‌నే చూడండి. మొదట తానూ బాధితురాలినే అంది. తర్వాత ఆ పిల్లలవి నటనలని చెప్పింది. వెంటనే ఆమె మీదే కేసు పెట్టారు. జైల్లో పడ్డాక మాట మార్చింది, యజమాని మీద సాక్ష్యం చెప్పింది. ప్రాక్టర్‌ను ఆగస్టు 19న ఉరి తీశారు.

మార్గరెట్ జేకబ్స్ కూడా భయపడి సొంత తాత పేరూ, పాస్టర్ జార్జ్ బరోస్ పేరూ చెప్పింది. కానీ ఉండబట్టలేకపోయింది. ఒప్పుకుంటే బతుకుతావు, లేదంటే ఉరేనని బెదిరించారని, తాను చెప్పిందంతా అబద్ధమని జైలు నుంచే రాసింది. అలా రాస్తే తన ప్రాణానికే ముప్పని తెలిసి కూడా. అయినా తాతకీ, బరోస్‌కీ ఉరి తప్పలేదు.

రెబెక్కా నర్స్‌ది ఇంకా అన్యాయం. జ్యూరీ మొదట ఆమెను నిర్దోషిగా తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ మళ్లీ ఆలోచించమన్నాక తీర్పు తిరగబడింది.

అక్టోబరు చివర్లో గవర్నర్ విలియం ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. అప్పటికి ఆయన భార్య పేరు కూడా వినబడుతోంది. ఈలోగా 19 మందిని ఉరి తీశారు, ముసలివాడైన జైల్స్ కోరీని రాళ్ల బరువు కింద నలిపి చంపారు. కనీసం ఐదుగురు జైల్లోనే పోయారు.

1697లో జడ్జి శామ్యూల్ సీవాల్ చర్చిలో అందరిముందూ లేచి నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. జ్యూరీలోని 12 మంది క్షమాపణ రాసిచ్చారు. స్టౌటన్ ఏనాడూ అడగలేదు. ఎందరి పేర్లో చెప్పిన యాన్ పుట్నమ్ 1706లో క్షమాపణ కోరింది కానీ, అదంతా సైతాను పెట్టిన భ్రమ అంది. ఈ కథ చెప్పేవాళ్లు ఇప్పటికీ తప్పంతా ఆడపిల్లల మీదే వేస్తుంటారు. అది నాకు మింగుడుపడదు. ఫిర్యాదుల మీద పేర్లు యాన్ తండ్రి థామస్ పుట్నమ్ లాంటి పెద్దవాళ్లవి, ఉరిశిక్ష ఆదేశాలిచ్చింది జడ్జీలు.

1711లో ప్రభుత్వం చాలామంది శిక్షలు రద్దుచేసి, కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. మరణశిక్ష పడినా ఉరి తప్పించుకున్న ఎలిజబెత్ జాన్సన్ పేరు ఆ జాబితాలో చేరలేదు. ఆమెకు పిల్లల్లేరు, అడిగే వారసులూ లేరు. ఒక స్కూలు పిల్లలు పట్టుబట్టడంతో 2022లో మసాచుసెట్స్ చట్టసభ ఆమెను నిర్దోషిగా తేల్చింది.